పదిహేడు పాయింట్ రెండు

నేను ఆ పందెం ఓడిపోయింది కారు నెమ్మదిగా వెళ్లినందుకు కాదు, వేగంగా వెళ్లినందుకు. ఈ మాట చెబితే మా చర్చి సంఘంలో ఆడవాళ్లు నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తారు. అందుకని ముందు ఆ పందెం సంగతి చెప్పాలి.

డాలస్‌కి గంట దూరంలో పావుమైలు ట్రాక్ ఉండేది. మన కారు ఆ పావుమైలు ఎన్ని సెకన్లలో చేరుతుందో మనమే చెప్పి, తెల్ల బూట్ పాలిష్‌తో అద్దం మీద రాయాలి. నెమ్మది కారును ముందు వదిలి, ఆ తేడా లెక్కన రెండోదాన్ని తర్వాత వదులుతారు. అలాగైతే డొక్కు కారు కూడా కొత్తదానితో సరిసమానంగా పోటీ పడొచ్చు. ఒక్కటే నిబంధన. రాసినదానికంటే వేగంగా వెళితే, ముందు చేరినా ఓడినట్టే. తన కారు గురించి అబద్ధం చెప్పినవాడికి అది శిక్ష. నా అద్దం మీద రెండేళ్లుగా ఒకటే అంకె, పదిహేడు పాయింట్ రెండు.

నాది డెబ్భై ఒకటో సంవత్సరం డాట్సన్ జెడ్. రెండు సీట్ల నారింజ రంగు కారు. నా చేతికి వచ్చేసరికే లక్షా నలభై వేల మైళ్లు తిరిగింది. పైన పటారం, లోన లొటారం. హాస్పిటల్‌లో పొద్దున డ్యూటీకి వెళ్లడానికి చవగ్గా దొరికిందని కొన్నాను. నెల తిరక్కుండా వాటర్ పంప్ పోయింది, తర్వాత క్లచ్. బాగుచేయించే స్తోమత లేక బాగుచేయడం నేర్చుకున్నాను.

నేర్పింది రత్నరాజు అన్నయ్య. ఆయన మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఊళ్లో ఉన్నప్పుడు వర్క్‌షాప్‌లో పనిచేశాడు, ఇక్కడ మెషిన్ షాపులో ఉద్యోగం. డాలస్ పక్కన కాపెల్ అనే ఊళ్లో ఆయన గరాజ్‌లో శనివారాలు ఇద్దరం కారు కింద పడుకుని గడిపాం. నాకు తోడబుట్టిన అన్న లేడు. ఆయన "లూసమ్మా, ఆ స్పానర్ అందుకో" అంటే మా నాన్న పిలిచినట్టే ఉండేది. స్పార్క్ ఎప్పుడు పడాలో నిర్ణయించే డిస్ట్రిబ్యూటర్‌ని మాత్రం ఆయనే సరిచేసేవాడు. "ముసలి ఇంజిను తల్లీ, దీని శక్తి ఇంతే. ఇంకా లాగితే పగిలిపోతుంది" అనేవాడు. అది కదిలితే తెలిసేలా దానికీ ఇంజినుకీ కలిపి గోళ్ల రంగుతో నేను చిన్న గీత పెట్టుకున్నాను.

తోటి నర్సు ఒకామె సరదాగా ట్రాక్‌కి తీసుకెళ్లింది. మొదటిసారి గీత దగ్గర నిలబడి పచ్చ లైటు చూసినప్పుడే నా పని అయిపోయింది. వార్డులో మనిషి బతకడం, పోవడం మన చేతిలో ఉండదు. ఆ పదిహేడు సెకన్లు మాత్రం నా చేతిలో ఉండేవి. నాకు అది కావాలి. ఈ మాట చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను.

మా ఆయన సుందర్ రాజ్‌కి మాత్రం తలవంపులుగా ఉండేది. ఎనభై మూడు ఎండాకాలంలో ఆయన్ని కూడా సంఘ పెద్దగా ఎన్నుకుంటారన్న మాట పుట్టింది. అప్పటినుంచి చెవిలో జోరీగే.

"పెద్ద భార్య రేసులకి వెళ్తుందంటే ఏం బాగుంటుంది లూసీ?" అన్నారు ఒకరోజు, రత్నరాజు అన్నయ్య ఇంట్లో కాఫీ తాగుతూ.

నాకు ఒళ్లు మండింది. "సరేనండీ. ఈ సీజన్ ఫైనల్ గెలిస్తే కారు ఉంటుంది, నేను వెళ్తాను, మీరు ఇంకో మాట అనకూడదు. ఓడిపోతే కారు అమ్మేస్తాను, మళ్లీ ట్రాక్ మొహం చూడను. అన్నయ్యే సాక్షి."

అన్నయ్య తల ఊపాడు. మా ఆయన కూడా ఊపారు.

అక్టోబరు శనివారం, ఎండ బాగా కాసింది. మా ఆయన మొదటిసారి ట్రాక్‌కి వచ్చి గ్యాలరీ మెట్ల మీద కూర్చున్నారు. పొద్దుట్నుంచి నాలుగు పందేలు గెలిచాను. ప్రతిసారీ పదిహేడు పాయింట్ రెండుకి వెంట్రుకవాసి ఎక్కువే, ఒక్కసారీ తక్కువ కాలేదు. ఫైనల్‌కి గంట టైముంది.

"పొద్దుట్నుంచి ఏం తిన్లేదు కదమ్మా. నువ్వెళ్లి ఏదైనా తినిరా, నేను ఆయిల్ చూస్తా" అన్నాడు అన్నయ్య.

తినొచ్చాను. అప్పటికి బోనెట్ మూసేసి చేతులు తుడుచుకుంటున్నాడు. "రా, ప్రార్థన చేసుకుందాం" అని బోనెట్ మీద చెయ్యి పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, నీ బిడ్డను నీ రెక్కల నీడలో దాచు, నీ చిత్తం జరిగించు" అని అడిగాడు. గొంతు వణికింది. నా కోసమే అనుకుని నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

అవతలి లైనులో ఒక ముసలి టెక్సస్ పెద్దమనిషి, పికప్ ట్రక్. ఆయన్ని ముందు వదిలారు. నా లైటు పడింది. క్లచ్ వదలగానే కారు నా వీపును సీటుకేసి నొక్కింది. అంతకుముందెన్నడూ అలా నొక్కలేదు. రెండో గేరు, మూడో గేరు. సగం దూరంలోనే పికప్‌ని దాటేశాను.

ఈ పందెం ఆడే ఎవరికైనా తెలుసు, కారు ఎప్పటికంటే ఎక్కువ లాగుతుంటే వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తెయ్యాలి. నాకూ తెలుసు. కానీ నేను కాలు ఎత్తలేదు. ప్రార్థన ఫలించిందనుకున్నాను. ముసలి ఇంజినుకి దేవుడు బలమిచ్చాడనుకుని, స్తోత్రం అంటూ ఇంకా తొక్కాను. ఇంత అమాయకురాలు డాలస్ మొత్తంలో ఇంకొకతె ఉండదు.

టైము చీటీ చేతికిచ్చారు. పదహారు పాయింట్ ఎనిమిది. పికప్ గెలిచింది. ఆ పెద్దమనిషి టోపీ తీసి "సారీ మ్యామ్, మీరు బాగా నడిపారు" అని వెళ్లిపోయాడు.

మా ఆయన మెట్లు దిగి వచ్చారు. "పోనీలే లూసీ. దేవుని చిత్తం" అని భుజం తట్టారు.

అక్కడే నాకేదో తేడాగా తోచింది. మా ఆయనకి ఈ పందెం నియమాలు తెలియవు. ఎప్పుడు చెప్పబోయినా పేపర్ అడ్డం పెట్టుకునేవారు. ఏమీ తెలియని మనిషి నేను ముందు చేరడం చూసి గెలిచాననే అనుకోవాలి. ఆయన ఓదార్చడానికి వచ్చారు.

ఇంటికి రాగానే చీకటి పడకముందే బోనెట్ ఎత్తాను. డిస్ట్రిబ్యూటర్ పక్కన నా గోళ్లరంగు గీత రెండు ముక్కలై, ఒకదానికొకటి చిటికెనవేలి గోరంత ఎడంగా ఉంది. దాన్ని అంత తిప్పితే ఇంజిను లాగుడే మారిపోతుంది. అందుకు ఒక్క స్పానర్, ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషం కోసం నన్ను తినమని పంపించాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక కాపెల్ వెళ్లాను. ఆయన గరాజ్‌లోనే ఉన్నాడు. తెలియనట్టు నటించలేదు, అంతవరకు నయం.

"నేను పాడుచెయ్యలేదమ్మా. బాగుచేశాను. అది ఎలా ఉండాలో అలాగే పెట్టాను" అన్నాడు.

"ఎలా ఉండాలో మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఆయన బల్ల మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకోసాగాడు.

"రెండేళ్ల నుంచి తెలుసా అన్నయ్యా?"

"మొదట్లో నీ మంచి కోరే తగ్గించి పెట్టానమ్మా. ఆడపిల్లవి, అంత స్పీడ్ ఎందుకులే అని. నిన్నటి సంగతంటావా, సుందర్ వచ్చి అడిగాడు. మీ ఇంట్లో శాంతి సమాధానాలు ఉండాలని చేశాను. కీడు తలపెట్టలేదు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నా పని. పందెం పోయిందని కాదు నా ఏడుపు. రెండేళ్లు ప్రతి శనివారం నా పక్కనే పడుకుని, నా కారు శక్తి ఇంతేనని నన్ను నమ్మించాడు. ఆ అబద్ధాన్ని నా చేతనే నా అద్దం మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. అబద్ధం ఆయనది, శిక్ష నాది. అరుద్దామనుకున్నాను. బ్యాగు భుజాన వేసుకున్నాను.

"వెళ్లొస్తానండీ, రత్నరాజు గారూ" అన్నాను.

ఆ "గారు" ఆయనకి తగిలింది. చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టి, "అంత మాటనకు లూసమ్మా" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర పేపర్లో వెయ్యడానికి ప్రకటన రాస్తున్నారు. తలవంచి చదివాను. డాట్సన్, రెండు సీట్లు, ఇంజిన్ రన్స్ ఎక్సలెంట్.

"ఎక్సలెంట్ అని మీకెవరు చెప్పారండీ?"

కలం ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. "మాటిచ్చావు కదా లూసీ" అన్నారు.

"ఓడిపోతే అమ్ముతానన్నాను. నేను ఓడిపోలేదు. మీరిద్దరూ కలిసి నన్ను ఓడించారు. ఆ మాట ఇక నాకు అంటదు."

"సంఘంలో ఎలా తలెత్తుకోను?"

"అది మీ ప్రార్థనలో అడగండి."

ఆ ప్రకటన కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టాను. కారు తాళం నా హాస్పిటల్ కోటు జేబులో వేసుకున్నాను. ఆ డిస్ట్రిబ్యూటర్‌ని ఇంకెవరి చేతా ముట్టుకోనివ్వనని ఆయనకి చెప్పాను. వచ్చే సీజన్‌కి నా సొంత అంకె నేనే కనుక్కుంటానని కూడా చెప్పాను.

భోజనాలయ్యాక ఎప్పటిలాగే కుటుంబ ప్రార్థనకి కూర్చున్నాం. పెళ్లైన పదకొండేళ్లలో ఒక్కరోజు మానలేదు. ఆయన కళ్లు మూసుకుని, క్షమించే మనసు మా ఇద్దరికీ ఇమ్మని చాలాసేపు దేవుణ్ణి వేడుకున్నారు. చివర్లో నేను ఆమేన్ అంటానని కళ్లు మూసుకునే ఎదురుచూశారు. నేను అనలేదు.