తలుపుల మీద కూర్చున్న సంఘం

మెథడిస్టు సంఘానికి ఎనభై ఏళ్లు నిండుతున్నాయనీ, చిన్న చరిత్ర రాసిపెట్టమనీ పాస్టరుగారు అడగ్గానే టీచరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆవిడ రిటైరై మూడేళ్లయింది. దిద్దడానికి ఏమీ దొరక్క, పాస్టరుగారి ఉత్తరాల్లో అక్షరదోషాలు దిద్ది తిరిగి పంపుతోంది.

పని చిటికెలో అయిపోతుందనుకుంది. చర్చి గుమ్మం పక్క రాతిఫలకం మీద స్థాపించిన పాస్టరు పేరూ, సంవత్సరమూ ఉండనే ఉన్నాయి. వాటికి నాలుగు పేరాలు తగిలిస్తే సరి. కానీ వెనకగదిలో బీరువా సర్దుతుంటే, పాత పాటల పుస్తకాల అడుగున అట్ట ఊడిన హాజరు పుస్తకం ఒకటి బయటపడింది. వారం వారం ప్రార్థనకు ఎవరొచ్చారో, ఎవరు రాలేదో గుర్తులు పెట్టిన పుస్తకం. మొదటి తేదీ చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. రాతిఫలకం కన్నా రెండేళ్లు ముందుంది. ప్రతి పేజీ కిందా ఒకటే గుండ్రటి దస్తూరీతో "నాయకురాలు" అని ఉంది. పేరు మాత్రం లేదు.

ఆ కాలం ఎరిగిన ప్రాణం సంఘంలో ఒక్కటే మిగిలింది. తొంభై ఏళ్ల ఆవిణ్ని అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. మర్నాడు పొద్దున్నే టీచరమ్మ వెళ్లేసరికి పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుని గుండీలు వేరు చేస్తోంది. పుస్తకం ఒళ్లో పెట్టగానే ఆ దస్తూరీని వేలితో తడిమింది.

"మా అమ్మ" అంది.

ఇక ఆగలేదు. అప్పటికి చర్చీ లేదట, పాస్టరూ లేడట. అందరూ వడ్రంగి కొట్లో కూడేవారట. బెంచీలు లేక, వడ్రంగి తను చేసిన తలుపులనే ముక్కాలిపీటల మీద అడ్డంగా పరిచి వరసలు వేసేవాడు. ఆదివారమే తలుపు కావాలని ఎవరైనా వస్తే, పాట ఆపకుండానే ఒక వరసంతా లేచి తలుపు అప్పజెప్పేది. ఒకసారి నాలుగు తలుపులూ వెళ్లిపోతే, వాక్యమంతా చెక్కపొట్టులో నిలబడి విన్నారు. ఆ వాక్యం చదివింది బట్టలు కుట్టుకు బతికే పెద్దమ్మ తల్లి. అంతమందిలో చదువొచ్చింది ఆవిడొక్కతికే. రెండేళ్లు ఆవిడే నెట్టుకొచ్చాక పాస్టరు వచ్చాడు, స్థలం దొరికింది, గోడలు లేచాయి.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఎవరడిగారే? పైగా ఆ పాస్టరుగారు మంచివాడు. రాతి మీద తన పేరొక్కటే చూసి సిగ్గుపడ్డాడు పాపం."

ఈ సంగతి వినగానే సంఘ కార్యదర్శి నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆయన టీచరమ్మకు స్వయానా మరిది. బ్యానర్లు అచ్చయిపోయాయి, పిలుపులూ అందాయి.

"ఎనభై రెండేళ్ల పండగ ఎక్కడైనా చేస్తారా వదినా? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ. తప్పు లెక్కకి నేను మార్కులెయ్యను."

తగువు పాస్టరుగారి దగ్గరికెళ్లింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండేళ్లు ఆలస్యమైతే ఏం, మనవాళ్లు ఏ ఆదివారం టైముకొచ్చి చచ్చారు గనక, అన్నాడు. మరిదే నిచ్చెనెక్కి, గొణుక్కుంటూ బ్యానరులోని సున్నా మీద రెండు అంకె అతికించాడు. అది కాస్త వంకరగా కుదిరింది. టీచరమ్మ చూసి, అతి కష్టం మీద నోరు మూసుకుంది.

ఆ ఆదివారం చర్చి కిటకిటలాడింది. టీచరమ్మ తను రాసిన చరిత్ర చదివింది. తలుపుల సంగతి దగ్గర జనం పగలబడి నవ్వారు. కుట్టుపని చేసుకునే తల్లి సంగతి వచ్చేసరికి టీచరమ్మ మాట సన్నబడింది.

ముందు వరసలోంచి పెద్దమ్మ చెయ్యెత్తింది.

"అక్కడ వినపడలేదే అమ్మాయ్. గట్టిగా చదువు."

ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఆ మాటే చెప్పిన టీచరమ్మ, బుద్ధిగా గొంతు సవరించుకుని, వెనక గోడకి వినపడేలా ఆ పేరా మళ్లీ మొదట్నుంచీ చదివింది. పెద్దమ్మ అటుపక్కామె వైపు తిరిగి "మా అమ్మే" అంది. తర్వాత ఇటుపక్కామెకీ చెప్పింది.