పచ్చ పిలకలు

పక్షవాతం వచ్చి తోకుజీ గారికి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. అది కూడా పోయి ఉంటే బాగుండేదని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించడం నా ఉద్యోగం. క్యోటోకు దక్షిణాన ఉన్న మా కోచీ పట్నంలో, కొండవాలున ఉన్న ఆ ఇంటికి వారానికి మూడు రోజులు వెళ్ళేదాన్ని. ఇంట్లో ఆయనా, భార్య సెత్సుకో గారూ ఇద్దరే. పిల్లలు లేరు.

తోకుజీ గారు నలభై ఏళ్ళు ఫూకిరాన్ పెంచారు. బొటనవేలంత ఆర్కిడ్ మొక్క అది. కుండీలో నాచును బోర్లించిన గిన్నెలా పేర్చి, దాని నెత్తిన కూర్చోబెడతారు. పెంచేవాళ్ళు ప్రాణాలు పెట్టేది దాని పువ్వు మీద కాదు, ఆకు మీది తెల్ల చార మీద. చారలున్న పిలక అర్భకపుది. పక్కన వట్టి పచ్చ పిలక లేచిందంటే నాలుగేళ్ళలో దాన్ని మింగేస్తుంది. అందుకే ఆయన ఏటా వసంతంలో భూతద్దం పట్టుకుని, పచ్చ పిలకలను పుట్టీపుట్టకముందే కోసేసేవారట. సెత్సుకో గారు మొక్కల గదిలోకి వెళ్ళాలంటే నోటికి కాగితం అడ్డం పెట్టుకోవాలి. ఆమె ఊపిరి వాటికి తగలకూడదు.

ఆయన పడిపోయాక ఆమె చేసిన మొదటి పని, ఆ మొక్కలన్నిటినీ తెచ్చి ఆయన మంచం పక్కన, అరుగు మీద వరసగా పెట్టించడం. వీధివాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

మార్చిలో ఒక ఉదయం ఆయన వీపు తుడుస్తున్నాను. సెత్సుకో గారు ఒక కుండీ తెచ్చి ఆయన కళ్ళెదుట పెట్టింది. చిన్న కత్తెరను దీపం మీద కాల్చి, చల్లారనిచ్చింది.

"ఏవండీ, దీనికి రెండు పిలకలొచ్చాయి. ఒకటి చారలది, ఒకటి పచ్చది. చారలది ఉంచమంటే కళ్ళు మూయండి."

ఆయన గట్టిగా కళ్ళు మూశారు. ఆమె చారల పిలకను కోసేసింది.

ఆయన గొంతులోంచి ఊ ఊ అని ఏదో వచ్చింది. నా చేతి కింద వీపు చెక్కలా బిగుసుకుపోయింది.

"సెత్సుకో గారూ, పాపమండీ, ఆయనకి తెలుస్తోంది," అన్నాను.

"తెలియాలనే కదమ్మాయ్. నువ్వు నీళ్ళు చల్లారిపోకుండా చూసుకో."

ఆ రోజు ఆయనకు గంజి తాగిస్తూ, వాతావరణం గురించి మాట్లాడినంత మామూలుగా నాతో చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట తన పుట్టింట, తొత్తోరిలో, వాళ్ళమ్మకు ప్రాణం మీదికి వచ్చిందట. అదే వారం ఈయన క్యోటోలో ప్రదర్శనకు బయల్దేరుతున్నారు. ఊళ్ళో గడ్డకట్టే చలి.

"మొక్కల గదిలో పొయ్యి ఆరిపోతే ఎవడు చూస్తాడే? మీ అమ్మ ఇంకో వారం ఆగలేదా, అన్నారీయన. ఆగలేదు. నేను వెళ్ళేసరికి ఎముకలు కూడా ఏరి కుండలో పెట్టేశారు," అంది. చెంచాతో ఆయన పెదవి కింద కారిన గంజిని జాగ్రత్తగా తుడిచింది.

నేను పై అధికారులకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రోజువారీ పుస్తకంలో 'భార్యతో కలిసి మొక్కలు చూసుకున్నారు' అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఏప్రిల్, మే నెలలు అలాగే గడిచాయి. వారానికొక కుండీ. ఆయన తెలివిగా చారలదానికి కళ్ళు తెరిచే ఉంచితే, "అయితే వద్దంటారా?" అని దాన్నే కోసేది. మొక్కలు మాత్రం చావలేదు. వేళకు నీళ్ళు, వేళకు నీడ. ఆయన దగ్గర ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగాయి. జూలైలో అన్నీ ఒక్కసారిగా పూశాయి. ఇల్లంతా తియ్యటి వాసన.

ఆ పూలప్పుడే కువబారా గారొచ్చారు. ఫూకిరాన్ సంఘంలో తోకుజీ గారికి పాత నేస్తం, పాత పోటీదారు కూడా. తోకుజీ గారు కొండలో ఏరి తెచ్చిన 'మంచుతెర' అనే మొక్క లోకంలో మరెక్కడా లేదు. దాని పిలక ఒక్కటివ్వమని కువబారా గారు పద్దెనిమిదేళ్ళు అడిగారు. ఆయన ఇవ్వలేదు.

వరస చూస్తూ చూస్తూ కువబారా గారి ముఖం మారింది. తోకుజీ గారు పనిచేసే ఎడమ చేత్తో స్నేహితుడి చొక్కా చెయ్యి పట్టుకుని, కళ్ళతో కుండీలు చూపించారు. కువబారా గారికి అంతా అర్థమైంది. మెల్లిగా ఆ వేళ్ళు విడిపించుకున్నారు.

"ఎంత పచ్చగా పెంచారు వదినగారూ! మావాడు అదృష్టవంతుడు," అన్నారు. వెంటనే గొంతు తగ్గించి, "మంచుతెర ఒకటి..." అని నసిగారు.

"తల్లి పచ్చబడిపోయింది, చారలున్న పిలక ఒక్కటే మిగిలింది. అది మీకోసమే అనుకోండి," అంది సెత్సుకో గారు. చివరి కుండీ తెచ్చి, భర్త చూస్తుండగా పిలకను వేర్లతో సహా వేరుచేసి, తడి నాచులో చుట్టి కువబారా గారి చేతిలో పెట్టింది. "ఏవండీ, కువబారా గారికి ఇచ్చేస్తున్నానండీ. మీరు ఇవ్వనన్నది."

ఆయన ఏడుస్తారనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ తోకుజీ గారి ముఖం ఒక్కసారిగా సడలిపోయింది. నెలల తరబడి బిగిసి ఉన్న దవడ వదులైంది. ఎక్కడో ఒకచోట అది బతుకుతుంది కదా. కువబారా గారి వైపు చూసి, ఉన్న సగం ముఖంతో తల వంచినట్టు చేశారు.

సెత్సుకో గారు అది చూసింది.

"ఒక్క నిమిషం, ఇలా ఇవ్వండి, సరిగ్గా చుట్టలేదు," అని కువబారా గారి చేతిలోంచి పొట్లం తీసుకుంది. విప్పింది. పిలకను రెండు అరచేతుల మధ్య పెట్టి, ఉండ చేస్తున్నట్టు నలిపింది.

"అయ్యో, అయ్యో!" అని కువబారా గారు చిన్నపిల్లాడిలా అరిచారు. తోకుజీ గారు కళ్ళు మూసుకున్నారు. నేను తువ్వాలు పిండుతూ అలాగే నిలబడిపోయాను.

ఆ మర్నాటి నుంచి ఆయన నోరు తెరవలేదు. గంజి పెడితే పక్కనుంచి కారిపోయేది. ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు. సెప్టెంబరులో పోయారు. అంత్యక్రియల్లో సంఘంవాళ్ళు గుర్తుగా తలో మొక్కా అడిగితే ఆమె కాదనకుండా అన్నీ పంచిపెట్టింది. కువబారా గారు మాత్రం ఏమీ అడగకుండా, తల వంచి నమస్కరించి వెళ్ళిపోయారు.

మొన్న ఆదివారం సంతలో ఆమె కనిపించింది. చేపల దుకాణం దగ్గర బేరమాడుతోంది. రంగు తేలింది, నడుం నిటారైంది. నేను తప్పించుకు పోదామనుకునే లోపే చూసేసింది.

"ఏమ్మాయ్, చిహారూ! అలా చిక్కిపోయావేం? ఒకసారి ఇంటికి రా. ఈ కత్సువో చేపని మా తొత్తోరి పద్ధతిలో వండి పెడతాను," అంది నవ్వుతూ.

"అలాగేనండీ," అన్నాను. ఎప్పుడు రమ్మంటారని కూడా అడిగాను. రేపు గురువారం వెళ్తున్నాను.