నీళ్లలోంచి పొగ

అక్రాలో భూగోళ సంఘం వాళ్ల సమావేశం ఏనాడూ వేళకు మొదలవదు. ముందు గోడమీది దేశపటాన్ని తుడవాలి కదా మరి! దేశంలో ఎక్కడ వాన పడితే పటం మీద అక్కడ తడుస్తుంది. ఉత్తరాన గాలిదుమ్ము రేగితే కింద కూర్చున్నవాళ్ల నెత్తిన రాలుతుంది. ఆ శనివారం కుమాసీలో జల్లు పడ్డట్టుంది, కార్యదర్శి ఆంపొన్సా గుడ్డతో అద్దుతూ విసుక్కుంటున్నాడు.

జీఫా టీచరమ్మ అప్పటికే వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆమె ఊరు అగ్బేకోపే వోల్టా సరస్సు మధ్యలో గుట్ట మీద ఉంది. పటంలో మాత్రం అక్కడ నీలమే. ఆనకట్ట కట్టే రోజుల్లో సంఘం పెద్దలు నీళ్లు రాకముందే నీళ్లు గీసేశారు. గుట్ట మునుగుతుందనుకున్నారు, అది మునగలేదు. ఆ గీత దిద్దే ఓపిక ఎవరికీ లేకపోయింది. పటంలో లేని ఊరికి బడి దేనికి, నెలాఖరుకు ఎత్తేయండి అని ఇప్పుడు పైనుంచి హుకుం వచ్చింది. బడి పోతే పిల్లలంతా వలలు లాగడానికి పోవాల్సిందే.

“మళ్లీ వచ్చావా తల్లీ? జిడ్డుమనిషివే నువ్వు!” అన్నాడు అధ్యక్షుడు ప్రొఫెసర్ ఒఫోసు.

“జిడ్డునే ప్రొఫెసర్ గారూ. మా ఊరిని పటంలో పెట్టండి, వదిలిపోతాను.”

“నియమం తెలుసుగా? మా సభ్యుడెవరో ఒకరు కళ్లారా చూడాలి.”

“రమ్మని ఎన్నిసార్లు పిలిచాను! పడవ అనగానే ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి మేనమామ అంత్యక్రియలు. ఒక్క మేనమామ ఎన్ని శనివారాలు పోతాడండీ?”

సభ కిసుక్కుమంది. ఆంపొన్సా మొహం మాడ్చుకున్నాడు.

జీఫా ఫోన్ తీసి ఊరికి కలిపింది. “సెలోమక్కా, పొయ్యిలు అంటించండి. ఊళ్లో ఉన్నవన్నీ!”

అగ్బేకోపేలో చేపలకు పొగబెట్టే పొయ్యి లేని ఇల్లు లేదు. అయినా చాలాసేపు పటం మీద ఏమీ కదల్లేదు. ఇదీ పోతే ఇక చేయగలిగిందేమీ లేదని జీఫాకు తెలుసు. ఐనా లేవలేదు.

అప్పుడు సరస్సు నీలంలోంచి సన్నగా పొగ లేచింది. చూస్తుండగానే హాలంతా కమ్మేసింది. కాల్చిన చేపల వాసనకు కొందరికి నోరూరింది, అందరికీ దగ్గొచ్చింది. ఎవరో వెళ్లి కిటికీలు తెరిచారు.

“నియమం ప్రకారం కళ్లతో చూస్తేనే…” అంటూ ఆంపొన్సా దగ్గాడు.

“కళ్లు మండిపోతున్నాయి కదయ్యా, ఇంకెలా చూడమంటావు? నీళ్లెక్కడైనా వంట చేసుకుంటాయా?” అంటూ ప్రొఫెసర్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. సొరుగులోంచి తప్పు గీతలు గీకే బ్లేడు తీసి జీఫా చేతిలో పెట్టాడు. “కానీయమ్మా. నీ చేత్తోనే.”

ఆమె కుర్చీ ఎక్కి, నీలం రంగు పోయి తెల్ల కాగితం కనబడేదాకా గీకింది. అక్కడ ఊరి పేరు గుండ్రంగా రాసింది. అంతలో ఫోన్ మోగింది.

“చేపలన్నీ మాడి బొగ్గవుతున్నాయే! ఇంకా ఎంతసేపు?” సెలోమక్క అరుపు హాలంతా వినబడింది.

జీఫాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“చాలక్కా, ఆర్పేయండి. పిల్లలకు చెప్పు, సోమవారం బడి ఉంది.”