బామ్మర్ది పెట్టిన జెండా

ఆ గూడ్సు యార్డులో ఎంతటి అధికారైనా నోరు మూసుకుని పాటించే నియమం ఒకటుంది. వ్యాగన్ కింద దూరే ఫిట్టరు ముందుగా బండి చివర ఎర్ర జెండా పెట్టాలి. పెట్టినవాడే దాన్ని తీయాలి. అది ఉన్నంతసేపు బండి అంగుళం కదలకూడదు.

బావా బామ్మర్దులిద్దరూ ఫిట్టర్లే. బామ్మర్దికి ఉద్యోగం వేయించింది బావే. "మా తమ్ముణ్ణి నీ చేతుల్లో పెడుతున్నా" అని భార్య అప్పగించింది. ఒకే ఇంట్లో తిని, ఒకే మోటారు సైకిల్ మీద డ్యూటీకొచ్చే ఆ ఇద్దరికీ నియమం చాదస్తంగా తోచింది. నీదైతే ఏంటి, నాదైతే ఏంటి అనుకుంటూ, ఎవరు దగ్గరుంటే వాళ్ళు జెండా పీకేసేవారు.

ఆ మధ్యాహ్నం బామ్మర్ది కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడం బావ కళ్ళారా చూశాడు. పనైపోయిందనుకున్నాడు. చివరి వ్యాగన్ దగ్గర అతను పెట్టిన జెండా తీసి, చుట్టి, నడుముకు దోపుకున్నాడు. వాకీటాకీలో "అంతా క్లియర్, బయల్దేరండి" అని డ్రైవరుకు చెప్పి, బండి పక్కనే రెండు వ్యాగన్లు దాటాడో లేదో, ముందెక్కడో ఒక వ్యాగన్ కింద రెండు బూట్లు కనిపించాయి. బూటుకు లేసు బదులు కరెంటు వైరు కట్టుకునే పిసినారి ఆ యార్డులో ఒక్కడే ఉన్నాడు.

బావకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఒరేయ్, బయటికి రారా" అని అరిచాడు. పక్క లైన్లో ఇంజిను రొద ఆ అరుపును మింగేసింది. వాకీటాకీ నొక్కాడు. అందులో డ్రైవరూ కంట్రోలు ఆఫీసూ మాట్లాడుకుంటున్నారు. మూడో గొంతు దూరే సందు లేదు.

పూర్వం గూడ్సు బండ్లు పొట్టిగా ఉండేవి. చివర గార్డు డబ్బా, అందులో గార్డు, అతని చేతికందేలా బ్రేకు ఉండేవి. పొదుపు పేరు చెప్పి పెద్దలు రెండు బండ్లను ఒకటిగా తగిలించారు, గార్డు డబ్బాను పాత ఇనుముకు అమ్మేశారు. ఇప్పుడు చివర ఒక దీపం మిణుకుమంటుంది, అంతే.

అంత పొడుగు బండి ఒక్కసారిగా కదలదు. వ్యాగన్లను కలిపే కప్లింగుల వదులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ, వ్యాగన్ వెనక వ్యాగన్ ధన్‌మని లేస్తుంది. ఆ చప్పుడు పట్టాల వంపు అవతల, ఇంజిను వైపు మొదలైంది.

బామ్మర్ది వైపు పరిగెత్తితే చప్పుడే ముందు చేరుతుంది. చివరి వ్యాగన్ అయితే దగ్గర్లోనే ఉంది. దాని వెనక గాలి గొట్టం కుళాయి తిప్పితే బండి మొత్తానికీ బ్రేకులు పడతాయి. బావ ఆ బూట్లకు వీపు తిప్పి వెనక్కి పరిగెత్తాడు. "మీ తమ్ముణ్ణి చంపేశానే" అని ఎదురుగా లేని భార్యతో చెప్పుకుంటూ, ఏడుస్తూ పరిగెత్తాడు. కంకర మీద పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది, లేచాడు. కుళాయి తుప్పు పట్టి మొరాయించింది. దాన్ని తిట్టాడు, బతిమాలాడు, బూటుతో తన్నాడు. చివరికి తిరిగింది. గాలి బుస్సున ఎగజిమ్మింది.

చప్పుడు చివరి వ్యాగన్ దాకా రాకుండా ఆగింది. కానీ చాలా దగ్గరికొచ్చి ఆగింది. అంటే బామ్మర్ది ఉన్న వ్యాగన్ కదిలే ఉంటుంది.

బూట్లు కనిపించిన చోటికి కుంటుకుంటూ వెళ్ళాడు.

చక్రం కింద పంట్లాం అంచు చిక్కుకుని ఉంది. కాలు చక్రాన్ని ఆనుకునే ఉంది.

"స్పానరు మర్చిపోయి మళ్ళీ దూరాను బావా," అన్నాడు బామ్మర్ది కింద నుంచి. "జెండా ఉందిగా అనుకున్నా. ఎవడు తీశాడు?"

గుడ్డ కోయడానికి బావ నడుముకు దోపిన చాకు లాగాడు. దాంతో పాటు జెండా కూడా జారి కంకర మీద పడింది.

బామ్మర్ది దాన్ని చూశాడు. గుడ్డ తెగాక బయటికొచ్చి, జెండా అందుకుని, తూలుతూ చివరి వ్యాగన్ దాకా నడిచి, దాని చోట దాన్ని మళ్ళీ పెట్టాడు. కాసేపు నిలబడి తన చేత్తోనే తీశాడు.

"ఇకనుంచి నీది నీది, నాది నాది బావా," అన్నాడు.

సాయంత్రం అతను మోటారు సైకిల్ ఎక్కలేదు, నడిచే వస్తానన్నాడు. బావ ఒక్కడే ఇల్లు చేరాడు. గుమ్మంలో ఉన్న భార్య ఖాళీగా ఉన్న వెనక సీటు వైపు చూసింది.

"మా వాడేడీ?" అంది.