పోస్ట్‌పోన్ టీ

టైటస్ ఎక్కాల్సిన చెన్నై రైలు పన్నెండూ నలభైకి. గోడగడియారంలో పదకొండున్నర. షాహుల్ అప్పటికే రెండు వీడియోగేమ్ కన్సోళ్ల వైర్లు ఊడదీసి చుట్ట చుట్టేశాడు. ఇంకా రెండు మిగిలాయి.

సూళ్లూరుపేట స్టేషన్ రోడ్డులో అతను గేమ్ జోన్ పెట్టి ఆరేళ్లయింది. చిన్న గది, నాలుగు టీవీలు, నాలుగు కన్సోళ్లు, గంటల లెక్కన ఆట. ఆ నాలుగూ ఈ రోజు రైలెక్కితే సాయంత్రానికి గేమ్ జోన్ ఉండదు. గది ఖాళీ అయితే రెండు కుట్టుమిషన్లు వేసుకుంటానని భార్య షబీనా ఎప్పటినుంచో అడుగుతోంది. వేసుకోనీ అనుకున్నాడు షాహుల్. కొత్త మోడల్ వస్తోంది, పాతది ఇనుపసామాను అవుతుంది అనే మాట ఆరేళ్లుగా విని విని అతనికి ఓపిక అయిపోయింది.

"ఆ వీడియో ఇంకోసారి వెయ్యి," అన్నాడు.

టైటస్ ఫోన్ తీశాడు. ముప్పై ఏళ్లుంటాయి. చెన్నైలో పాత ఎలక్ట్రానిక్ సామాన్ల వ్యాపారి ఒకాయన దగ్గర పని. ఉదయం నుంచి గూడూరు, నాయుడుపేట తిరిగి కొన్న తొమ్మిది కన్సోళ్లు రెండు గోతాల్లో గుమ్మం దగ్గర ఉన్నాయి.

వీడియోలో కోటు వేసుకున్న విశ్లేషకుడు పెదాలు కదుపుతున్నాడు. పైన ఎవరిదో తెలుగు గొంతు: "కొత్త కన్సోల్‌ను పంతొమ్మిదో తేదీ, భారత కాలమానం ప్రకారం సాయంత్రం ఆరున్నరకు ప్రకటిస్తారు. మర్నాటి నుంచి పాతవాటి ధర సగానికి పడిపోతుంది."

పంతొమ్మిదికి ఇంకా ఐదు రోజులే.

షాహుల్‌ని పడగొట్టింది ఆ ఆరున్నరే. సూళ్లూరుపేటలో ఉత్త తేదీ చెబితే ఎవరూ పట్టించుకోరు. గంటా నిమిషం కలిపి చెబితే నమ్ముతారు. పక్కనే శ్రీహరికోట. రాకెట్ ఫలానా గంట, ఫలానా నిమిషానికి లేస్తుందని ముందే చెప్తారు. ఆ నిమిషానికి ఇళ్ల కిటికీ అద్దాలు గలగలమంటాయి. వాయిదా పడితే పడుతుంది, అది వేరే సంగతి. నిమిషం తెలిసినవాడికి లోపలి విషయం తెలిసే ఉంటుందని ఈ ఊరి లెక్క.

"మూడోది కూడా తీసెయ్‌ భాయ్," అన్నాడు టైటస్. "స్టేషన్ దాకా మోసుకుపోవాల గదా."

అప్పుడే వాణి లోపలికి వచ్చింది. బజారు వీధి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. తెల్లవారుజాము షిఫ్టు దిగి ఇంటికి పోయే ముందు ఓ గంట ఫుట్‌బాల్ ఆడి వెళ్తుంది. నాలుగేళ్లుగా అదే కుర్చీ.

"ఏంది షాహుల్ భాయ్, కొట్టు కట్టేస్తున్నావా?"

"కొత్తది వస్తా ఉండాదక్కా," అన్నాడు టైటస్.

"ఎవురు చెప్పినారు నీకు?"

"పెద్ద విశ్లేషకుడు."

"ఓ, ఆయనా! ఆయన ఆడేది లేదు, కొనేది లేదు. ఇది తప్పితే ఇంకో తేదీ చెప్తాడు. ఆ కోటు తీసేసి నాతో ఒక్క మ్యాచ్ ఆడమను, చూద్దాం."

టైటస్ నవ్వాడు. షాహుల్ నవ్వలేదు. మూడో కన్సోల్ వెనక చెయ్యి పెట్టి వైరు లాగాడు.

"నవ్వడం మీకు తేలికక్కా. పోయినేడాది ధరలు పెరుగుతాయని ఇట్టాంటోడే ఒకడు చెప్పినాడు. మీరంతా ఈడే కూర్చోని నవ్వినారు. మీ నవ్వు చూసి నేను ఐదో బాక్సు కొనకుండా ఆగినాను. రెండు నెలల్లో పెరిగినాయా, లేదా?"

"పెరిగినాయి," అంది వాణి.

"తప్పు చెప్తే ఆయనకేం కాదు. తప్పుగా నవ్వితే మీకేం కాదు. మధ్యలో ఉండేది నా కొట్టు."

వాణి కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగో కన్సోల్ ఒక్కటే ఇంకా టీవీకి అంటుకుని ఉంది.

"ఆ వీడియో నాకూ చూపించు తమ్ముడూ."

టైటస్ చూపించాడు. రెండోసారి వాణి తనే వేసుకుని వింది. మూడోసారి ఫోన్‌ని చెవికి ఆనించుకుంది.

"ఈ ఆరున్నర నాకు తెలుసు," అంది.

"ఆరున్నర అందరికీ తెలుసక్కా," అన్నాడు టైటస్, గడియారం చూస్తూ. పదకొండు యాభై. "రోజుకి రెండుసార్లు వస్తాది."

"భాయ్, మనం పోస్ట్‌పోన్ టీ తాగి ఎన్నాళ్లయింది?"

షాహుల్ చెయ్యి ఆగింది.

అది ఈ ఊరి అలవాటు. రాకెట్ చూపిస్తామని పక్కూళ్ల నుంచి చుట్టాలను పిలుచుకొస్తారు. ప్రయోగం వాయిదా పడితే, పిలుచుకొచ్చినవాళ్లే రోడ్డు పక్కన అందరికీ టీ తాగించాలి. గేమ్ జోన్‌లో ఆటగాళ్లు ఆ పద్ధతినే విశ్లేషకుల జోస్యాలకు పెట్టారు. ఎవరు ఏ జోస్యం మోసుకొచ్చినా, విన్నది విన్నట్టు షాహుల్ వెనక గోడ మీద రాస్తాడు, తెచ్చినవాళ్ల పేరుతో సహా. గడువు దాటినా జరక్కపోతే దాని మీద ఎర్రగీత, తెచ్చినవాళ్ల ఖర్చుతో అందరికీ టీ. ఆరేళ్లలో గోడంతా ఎర్రబడింది. అది చూస్తుంటే తల తిరుగుతోందని పోయిన నెల షబీనా దానిమీద ఫుట్‌బాల్ ఆటగాడి ఫ్లెక్సీ కొట్టించింది.

"ఈ ఆరున్నరను తెచ్చింది నేనే," అంది వాణి. "వానలో తడుస్తా పోయి పదకొండు టీలు మోసుకొచ్చినాను. చెప్పులు కూడా తెగిపోయినాయి. అది నేనెట్టా మర్చిపోతాను?"

"ట్రైను మిస్సవుతాది భాయ్!" టైటస్ గొంతు పెరిగింది. "ఇస్తావా, పొమ్మంటావా? ఎల్లుండికి ఈ రేటు కూడా రాదు."

షాహుల్ ఒక్క క్షణం అతన్ని చూశాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. గోడ దగ్గరికి వెళ్లి ఫ్లెక్సీ మూలకి దాన్ని గుచ్చి కిందికి లాగాడు. ఆటగాడి మొహం సగానికి చిరిగి వేలాడింది.

వెనక నల్ల అక్షరాలు, వాటి మీద ఎర్రగీతలు. వాణి వేలితో వెతుక్కుంటూ వచ్చింది. స్విచ్చుబోర్డు పక్కన ఆగింది.

'కొత్త కన్సోల్ ప్రకటన. నవంబరు 19వ తేదీ, సా. 6:30. మర్నాటి నుంచి పాతవి సగం ధర. తెచ్చినది: వాణి.'

కింద అది రాసిన రోజు తేదీ ఉంది. రెండేళ్ల క్రితంది. మీద ఎర్రగీత.

టైటస్ దగ్గరికొచ్చి ఆ వరుస చదివాడు.

"నెలా సంవత్సరం చెప్పే ముక్క కోసేసినారు," అంది వాణి. "మిగతాది ఉన్నదున్నట్టు తిప్పుతున్నారు. ఏం తమ్ముడూ, ఊరూరా తిరిగి ఇదేనా నువ్వు చేసేది?"

"నాకు తెలీదక్కా. ఒట్టు. మా ఓనరు పంపించినాడు."

"అయితే అడుగు. స్పీకర్లో పెట్టు."

టైటస్ ఫోన్ చేశాడు. నాలుగు రింగులకి అవతల గొంతు పలికింది.

"అన్నా, ఆ వీడియో ఎప్పటిది?"

"ఎప్పటిదైతే నీకేందిరా? సూళ్లూరుపేట నాలుగూ దొరికినాయా లేదా? దొరక్కపోతే ఆదివారం నుంచి రావద్దు." ఫోన్ పెట్టేశాడు.

టైటస్ గోతాం మీదే కూలబడ్డాడు. అతన్ని తిడదామని నోరు తెరిచిన షాహుల్, ఆ మొహం చూసి ఆగిపోయాడు.

"అందరికంటే ముందు అమ్మింది నేనే భాయ్," అన్నాడు టైటస్.

"ఏంది?"

"నా బాక్సు. పోయిన సోమవారం నాకీ వీడియో చూపించినాడు. తెల్లారి నాది తీసుకుపోయి ఆయనకే ఇచ్చేసినాను. నాలుగేళ్లు ఆడిన ఆట మొత్తం దాంట్లోనే ఉండాది. ఆయన అదంతా చెరిపేసినాడు, అమ్మడానికి."

పన్నెండూ నలభైకి దూరంగా రైలు కూత వినిపించింది. టైటస్ లేవలేదు.

షాహుల్ వంగి మొదటి కన్సోల్ వైరు విప్పాడు. ప్లగ్ పెట్టాడు. రెండోది, మూడోది. పని అయ్యేసరికి నడుం పట్టేసింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఒక ముప్పావుగంట పనిని వెనక్కి చేసినట్టు మాత్రం ఉంది.

"నాయుడుపేటకి వెనక్కి ట్రైను ఎప్పుడు?" అడిగాడు టైటస్.

"మూడుంబావుకి. ఏం?"

"తొమ్మిది ఇళ్ల తలుపులు కొట్టాల. మీది పాత వీడియో బేరం, కావాలంటే వెనక్కి తీసుకోండి అని చెప్పాల. కొట్టినా కొడతారు."

"కొట్టరు. నీ మొహం చూస్తే కొట్టబుద్ధి కాదు," అంది వాణి. "ముందు టీ పట్రా. జోస్యం తెచ్చినోళ్లదే ఖర్చు. నాకు చక్కెర లేకుండా."

అతను టీ తెచ్చేసరికి వాణి నాలుగో కన్సోల్ ఆన్ చేసి ఉంచింది. ఒక జాయ్‌స్టిక్ అతని చేతిలో పెట్టింది. టైటస్ మొదటి మ్యాచ్ ఓడాడు. రెండోదీ ఓడాడు. మూడోదాని మధ్యలో వాణి ఫోన్ మోగింది.

"ఇంకో విశ్లేషకుడు," అంది తెర చూసి. "కొత్త కన్సోల్ ఇంకో రెండేళ్ల దాకా రాదంట. పాతవాటికి మంచి రోజులంట. భాయ్, బతికిపోయినావు!"

షాహుల్ సొరుగులోంచి నల్ల మార్కర్ తీశాడు. స్విచ్చుబోర్డు కింద జానెడు ఖాళీ ఉంది. అక్కడ ఆ మాటలు విన్నది విన్నట్టు రాశాడు. చివర 'తెచ్చినది: వాణి' అని పెట్టాడు.

"నీ నోట్లోంచి ఒక్క మంచిమాట రాదు గదా," అంది వాణి.

అంతలో షబీనా ఫోన్ చేసింది.

"వెళ్లిపోయినాయా అండీ బాక్సులు? కుట్టుమిషన్లకు ఆటో మాట్లాడేదా?"

"పోలేదు. ఈడే ఉండాయి."

"మళ్ళీనా? సరే. ఎప్పటికి ఖాళీ చేస్తారో ఒక తేదీ చెప్పండి. దాన్నిబట్టి నేను చూసుకుంటాను."

షాహుల్ గోడ వైపు చూశాడు. ఎర్రగీతలన్నిటి కిందా తేదీలే. మూలనున్న నాలుగో టీవీని, దాని ముందు జాయ్‌స్టిక్ వదలకుండా కూర్చున్న టైటస్‌ని చూశాడు.

"తేదీ చెప్పనే," అన్నాడు. "ఆటో మాట్లాడు. ఒక మిషను తీసుకోని ఇప్పుడే రా. నాలుగో టీవీ తీసేసి ఆ మూల నీకిస్తాను. మిగతా మూడూ ఉంటాయి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. ఇంకోమాట. నీ ఫ్లెక్సీ చించినాను. వచ్చినాక తిట్టు."

ఫోన్ పెట్టేసి మూల దగ్గరికి నడిచాడు.

"ఈ మ్యాచ్ అయినాక లెయ్ టైటసూ," అన్నాడు. "ఈ టీవీ దించాల. ఒక చెయ్యి వెయ్యి."