సిర్గిట్టి పడవరాళ్లు

సిర్గిట్టి గోదాముల వెనక, పట్టాల పక్కన, ఆ ఉదయం జేసీబీ ఎర్రయ్య రాయిని పెకలించింది. నేను కళ్లారా చూశాను.

కామ్రేడ్స్, అది ఒట్టి రాయి కాదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఇంత దూరం రైల్వే గ్యాంగు పనికొచ్చిన మన తాతలు, పట్టాల మీద చచ్చిన ప్రతి మనిషికీ ఒక రాయి పాతారు. నలభై ఒక్క రాళ్లు, పడవ ఆకారంలో, మొన సముద్రం వైపు. వేటకెళ్లి శవమైనా దొరకనివాడికి ఊళ్లో అలాగే చేసేవారు. రాయి కదిలితే చచ్చినవాడు దారి తప్పుతాడంటారు. వట్టి నమ్మకం అనుకున్నాను. కానీ ఆ పూట కంకర మీద ఎవరో నడుస్తున్న చప్పుడైంది, చూస్తే మనిషి లేడు. భయం వేసింది, దాచడమెందుకు?

తప్పు మాదీ ఉంది. పోయిన నెల సర్వే ఆఫీసరు ఏ రాయి ఎవరిదని అడిగాడు. మగవాళ్లం డ్యూటీలో ఉన్నాం. ఆడవాళ్లు తలొంచుకున్నారు. మొగుడి పేరు నోటితో పలికే అలవాటు మన ఇళ్లలో ఏదీ? "పేర్లు లేవు, హక్కుదారులు లేరు" అని రాసుకుపోయాడు. గోదాము కాంట్రాక్టరుకు అంతే చాలు.

ఆ ఉదయం మేమంతా మిషను చుట్టూ నిలబడ్డాం. పురావస్తు శాస్త్రం చదివే స్పందన తన కొలతల కాగితం చూపించింది.

"సార్, ఒడిశా రేవుల్లోనూ అచ్చం ఇదే పడవ. ఒరియావాళ్ల రాళ్లూ ఇక్కడున్నాయి."

"ఎంత పాతవి?" అన్నాడు ఆఫీసరు.

"మొదటివి డెబ్బై ఏళ్లవి."

"అచ్ఛా, చట్టం అడిగే నూరేళ్లు కూడా లేవు. తీసేయండి."

స్పందన మామ్మ చిన్నతల్లి గుంటలోకి దిగి, ఒరిగిన రాయిని వాటేసుకుంది. యాభై ఏళ్ల కింద పొగమంచులో ఆమె మొగుణ్ణి రైలు తొక్కేసింది.

"మావోల్ని నూరేళ్లు బతకనిచ్చినారేటి, రాళ్లకి నూరేళ్లు అడగతన్నారు?"

"ఎవరిదా రాయి? పేరు చెప్పు!" ఆఫీసరు వెంట వచ్చిన పోలీసు గద్దించాడు.

"అరే మామ్మా, నేను చెప్తా కదా," అంది స్పందన.

"నువ్వూరుకోయే. పెళ్లాం పేరెట్టి పిలిస్తే సచ్చినోడు ఎనక్కొచ్చెస్తాడంతారు." ముసలామె రాయిని అరచేత్తో చరిచింది. "రానీ. ఎర్రయ్యా!"

ఎనభై ఏళ్ల బతుకులో మొదటిసారి. పక్కన ఒరియా కుముదిని తన మొగుణ్ణి "దండాసీ!" అని అరిచింది. ఇక ఆగలేదు. నలభై ఒక్క పేర్లు. డ్రైవరు మిషను దిగి మా వైపు వచ్చేశాడు.

పదిహేనుమంది ఆడవాళ్లను వ్యాన్ ఎక్కించారు.

తెల్లారేసరికి ఎర్రయ్య రాయి మళ్లీ గుంటలో నిలబడి ఉంది. ఎవరు పాతారని పోలీసులు క్వార్టర్లన్నీ తిరిగారు. తెలుగు గడపలోనూ ఒరియా గడపలోనూ ఒకటే జవాబు చెప్పాం.

"ఎర్రయ్య."