పదిహేడులో మిగిలిన పిల్ల

నేను ఒక సంఖ్యని. పదిహేడుని. నన్నెవరూ తయారు చెయ్యలేదు కనక పాతబడి మూలపడే యోగం కూడా లేదు. అలసట మాత్రం బోలెడంత. ఒకటి నన్ను భాగిస్తుంది, నన్ను నేను భాగించుకుంటాను, మరి ఎవరికీ లొంగను. బడిలో దీన్నే ప్రధాన సంఖ్య అని గౌరవంగా చెబుతారు. బడి గేటుతో ఆ గౌరవం సరి. అరటిపళ్లు పంచినా, కుర్చీలు వరస పెట్టినా చివర ఏదో మిగులుతుంది, తిట్లు నాకు. కారు కొన్న పెద్దమనిషి బండి నంబరులో నన్ను చూసి, నాలోని ఒకటినీ ఏడునీ కూడి, "అమ్మో, ఎనిమిది! శని!" అంటూ పారిపోతాడు. ఏం చెప్పను ఈ మనుషులకి!

అందరిలోకీ నన్ను విసిగించినవాడు నర్సీపట్నం వైపు ఒక ఊళ్లో కోలాటం నేర్పే దేముళ్లు గురువు. ఆయన దగ్గర పదిహేడుమంది ఆడపిల్లలు. జంటల ఆటలో ప్రతి పిల్లకీ ఎదురుగా మరో పిల్ల ఉండాలి. రెండేసిమందిని నిలబెట్టాడు, ఒకతె మిగిలింది. నాలుగేసి, అప్పుడూ ఒకతే. ఆ ఒకతె ఎప్పుడూ నూకరత్నమే, అందరికన్నా పొట్టిది కాబట్టి.

"అమ్మవారి తీర్థంనాడు నువ్వు కూకో తల్లీ. వచ్చే ఏడు సూద్దాం," అన్నాడు.

"కిందటేడూ ఇదే అన్నారు గురువుగారూ," అంది నూకరత్నం. ఆ పిల్ల కోరికల్లా ఊరందరి ముందూ ఒక్క చరణం పాడాలని. దానికి అడ్డం నేను. నాకు చచ్చే సిగ్గేసింది.

తీర్థంనాడు జాతర జనం మధ్య పదహారుమందితో జంటల ఆట బ్రహ్మాండంగా సాగింది. తర్వాత గుండ్రంగా తిరిగే పాట. ఒకతె తన చరణం పాడగానే ఆమె తర్వాత నాలుగో పిల్ల అందుకోవాలి, అందరి వంతూ అయ్యేదాకా. సాధనలో ఈ పాటకి పదిహేడుమందీ నిలబడేవారు, ఎన్నడూ తడబడలేదు. నాలుగేసి దాటినా, ఐదేసి దాటినా నేను అందరినీ తాకిగానీ మొదటికి రాను. అది నా గుణం. పదహారుకి అది లేదు. ఆ సంగతి గురువుకేం తెలుసు, పాపం!

చిన్నమ్మలు అనే పిల్ల మొదటి చరణం ఎత్తుకుంది. నలుగురు పాడేసరికి వంతు మళ్లీ చిన్నమ్మలుకే వచ్చింది. మళ్లీ ఆ నలుగురే. మిగతా పిల్లలు నోరు మెదపకుండా కర్రలు కొడుతున్నారు. జనం నవ్వడం మొదలుపెట్టారు. గురువుకి ముచ్చెమటలు పోశాయి.

"నా గొంతు పోతంది గురువుగారూ!" అని అరిచింది చిన్నమ్మలు. "రత్నాన్ని పిలండి. నేర్సుకున్నప్పుడు అది నా ఎనకాలే ఉండీది."

"రాయే తల్లీ, బేగి రా!" అని నూకరత్నాన్ని తొందరపెట్టాడు గురువు.

నూకరత్నం పరుగెత్తి చిన్నమ్మలు వెనక దూరింది. పాట మళ్లీ మొదలైంది. నలుగురూ పాడారు. చిన్నమ్మలుకి తిరిగి రావలసిన వంతు ఈసారి ఒక్క అడుగు ముందే, నూకరత్నం దగ్గర ఆగింది. ఊరందరి ముందూ తన చరణం పూర్తిగా పాడింది. అక్కణ్ణుంచి వంతు అంతవరకూ పాడని పిల్లకి వెళ్లింది, అలా అందరికీ. నాకు కడుపు నిండిపోయింది.

మర్నాడు సాధనకి గురువు మళ్లీ జంటలు కట్టాడు. మళ్లీ ఒకతె మిగిలింది. ఆయన కాసేపు తల గోక్కుని, పంచె ఎగ్గట్టి, తానే రెండు కర్రలు పుచ్చుకుని నూకరత్నం ఎదుట నిలబడ్డాడు.

పద్దెనిమిది. నాతో ఇక పని లేదు. హమ్మయ్య, కాసేపు నడుం వాలుస్తాను.